ఆముదం విమానం బాబాయి గారు

మొన్న అవనిగడ్డ బస్టాండు పక్కనున్న మందుల షాపులో నా ముందు నిలబడ్డ పెద్దావిడ ఆముదం సీసా అడిగింది. "దేనికండీ, తలకా, కడుపులోకా?" అన్నాడు షాపతను. నాకు తెలియకుండానే నా నోట్లోంచి "విమానానికి" అని వచ్చేసింది. ఇద్దరూ తిరిగి నా వంక చూశారు. నేను జ్వరం మాత్రలు సంచీలో పడేసుకుని బయటపడ్డాను. ఆటోలో కూర్చున్నాక నవ్వొచ్చింది. ఆ వెనకే, బాబాయి గారు పోయి రెండేళ్ళయిందని గుర్తొచ్చి ఏడుపూ వచ్చింది. ఆటో అతను అద్దంలోంచి చూసి, "మోపిదేవి గుడికాండీ?" అని అడిగాడు. ఆటోలో ఏడ్చే ఆడవాళ్ళందరూ గుడికే వెళ్తారని అతని నమ్మకం కాబోలు.

ఆయన నాకు సొంత బాబాయి కారు. అప్పట్లో నేను బందరులో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. పెడనలో వాళ్ళ మేడ మీద వాటాలో అద్దెకుండేదాన్ని. కింద వాళ్ళిల్లు, ఇంటి వెనక కలంకారీ అద్దకం షెడ్డు. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే, "నువ్వు చూసిందెంతమ్మా, రాసిందెంత?" అని ఎక్కడున్నా లేచి వచ్చి అడిగే మనిషి.

చూసింది చూసినట్టు చెప్పడం ఆయన జబ్బు. అద్దకంలో కూడా అంతే. అచ్చులో ఎన్ని రేకులుంటే గుడ్డ మీద అన్ని రేకులే పడాలి. "నా చేతిలో ఒక చుక్క ఎక్కువ పడదు, ఒక చుక్క తక్కువ పడదు" అనేవారు. ఈ జబ్బు షెడ్డు దాటి ఇంట్లోకీ, ఇల్లు దాటి వీధిలోకీ వచ్చేసింది. రోజూ పొద్దున్నే నా గుమ్మం ముందునించి డాబా మీదకి వెళ్ళి, నాలుగు దిక్కులూ చూసి, దిగొచ్చి పిన్ని గారికి చెప్పేవారు.

"కాలవ గట్టు మీద రెండు కొంగలు. ముగ్గురు మనుషులు. ఒక ట్రాక్టరు."

"ఎవరిదండీ ట్రాక్టరు?"

"అది కనపళ్ళేదు."

"ఎర్రదైతే మన ఎదురింటి వాళ్ళదే అయ్యుంటుంది."

"ఎర్రదే. వాళ్ళదని దాని మీద రాసి లేదు."

పిన్ని గారు తల కొట్టుకునేవారు. ఆవిడ పద్ధతి వేరు. ఒక్క తుమ్ము వినపడితే చాలు, ఎవరు తుమ్మారో, ఎందుకు తుమ్మారో, దానివల్ల ఏ పెళ్ళి ఆగిపోతుందో కూడా చెప్పెయ్యగలరు. ఆ ఇద్దరికీ నలభై ఏళ్ళు కాపురం ఎలా సాగిందో నాకు అంతుపట్టలేదు.

ఒకసారి పక్కింటి నేత ఆయన, తన కూతురికి గుడివాడలో ఒక సంబంధం వస్తే, ముందు వెళ్ళి అబ్బాయిని చూసి రమ్మని బాబాయి గారిని పంపాడు. పంపినవాడిదే తప్పు. సాయంత్రం బస్సు దిగి వచ్చి, అరుగు మీద కూర్చుని, ఇంటిల్లిపాదీ చుట్టూ మూగితే ఆయన చెప్పింది ఇది: "ఇంట్లో ఫ్యాన్లు ఐదు. తిరిగేవి మూడు. అబ్బాయి నాతో మాట్లాడుతూ పదకొండు సార్లు ఫోను చూసుకున్నాడు. వాళ్ళమ్మ కాఫీ తెస్తే లేచి గ్లాసు అందుకున్నాడు. చెప్పులు వరసగా ఉన్నాయి."

"అది కాదన్నయ్యా, మంచివాడేనా?" అన్నాడు పిల్ల తండ్రి.

"అది కనపడే వస్తువు కాదు."

తండ్రి నీరుగారిపోయాడు. తలుపు వెనకనుంచి పిల్లే అడిగింది: "పెదనాన్నా, తిరిగే మూడు ఫ్యాన్లలో ఒకటి వంటింట్లో ఉందా?" ఉందన్నారు. "అయితే చేసుకుంటాను" అంది. ఆ పిల్ల ఇప్పుడు గుడివాడలో చల్లగా ఉంది.

ఇలాంటి మనిషికి ఒక ఫ్రెంచి విమానం మీద మనసు పడిందంటే విచిత్రం అనిపిస్తుంది గానీ, సంగతి తెలిస్తే వింతేమీ లేదు. ఒక ఏడాది కలంకారీ నేర్చుకోవడానికి ఫ్రాన్సునించి ఒకావిడ వచ్చి, పది రోజులు ఆ షెడ్డులో కూర్చుంది. వెళ్ళే రోజున తన బ్యాగులోంచి ఒక పాత పోస్టుకార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. దాని మీద ఒక విమానం ఫోటో. పేరు కోద్రాన్ జీ-3. మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. రెక్కలు రెండంతస్తులు, ఇద్దరు కూర్చునే చిన్న తొట్టి, తొట్టి వెనక ఏమీ లేదు, తోకని నాలుగు కర్రలు మోస్తుంటాయి. వాళ్ళ ముత్తాత అందులో ముందు సీటులో కూర్చునేవాడట. వెంట వచ్చిన గైడు అదంతా తెలుగులో చెప్పాడు.

"ముందు కూర్చుని ఏం చేసేవాడట?" అని అడిగారు బాబాయి గారు.

"చూసేవాడటండీ. పైకి వెళ్ళి శత్రువులు ఎక్కడున్నారో చూసి, కిందకొచ్చి చెప్పడమే ఆ విమానం పని. తుపాకీ కూడా ఉండేది కాదట."

ఆయన అచ్చు పక్కన పెట్టేశారట. "చూడ్డానికే ఒక విమానమా?" అన్నారట. ఆ పైన రెక్కలు గుడ్డతో చేసినవని తెలిసింది. ఇక ఆయన్ని పట్టడం ఎవరివల్లా కాలేదు. ఆవిడ మళ్ళీ వచ్చేనాటికి ఆ విమానాన్ని నాలుగో వంతు కొలతలో చేసి షెడ్డులో నిలబెడతాననీ, అసలుదానికీ దానికీ ఒక్క తేడా కూడా ఆవిడ పట్టుకోలేకుండా ఉండాలనీ పట్టుబట్టారు. ఎగరేస్తారా అని ఊరంతా అడిగేది. "నేను అచ్చు వేసేవాణ్ణి. ఉన్నది దింపుతాను. ఎగరడం దాని సొంత విషయం" అనేవారు.

వెదురు వచ్చింది, సరుగుడు కర్రలు వచ్చాయి. వీధి చివరి మగ్గం మీద సన్నని నూలుతో ప్రత్యేకంగా గుడ్డ నేయించారు. ఆ విమానం మలుపు తిరగాలంటే తీగలు లాగి రెక్కనే మెలితిప్పాలి. ఆ మెలి ఆయనకి ఎంత నచ్చిందంటే, కనపడ్డ ప్రతివాడికీ చేతులు చాపి, తడి పంచె పిండుతున్నట్టు తిప్పి చూపించేవారు. ఒకసారి బందరు బస్సులో కండక్టరుకి చూపిస్తుంటే, బస్సు అటు తిప్పమంటున్నారేమోనని డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. కృత్తివెన్ను వైపునించి ఇద్దరు రొయ్యల చెరువుల వాళ్ళు బండేసుకుని వచ్చి, "ఇక్కడెవరో కోడ్రోన్ చేస్తున్నారటగా, మేత చల్లుతుందాండీ?" అని అడిగారు. చల్లదని చెప్పారు. "పోనీ చెరువులో రొయ్యలెన్ని ఉన్నాయో చూస్తుందా?" అన్నారు వాళ్ళు. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించి, "నీళ్ళు తేటగా ఉంటే" అన్నారు.

ఇక నా పాపం సంగతి చెప్తాను.

ఆవిడ ఫ్రాన్సునించి ఆ విమానం వివరాలున్న నాలుగు కాగితాలు జిరాక్సు తీసి పోస్టులో పంపింది. అంతా ఫ్రెంచి. ఒకరోజు సాయంత్రం ఆ కాగితాలు పట్టుకుని బాబాయి గారు నా గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మాయ్, నీకు ఇంటర్లో ఫ్రెంచిలో తొంభై ఎనిమిది వచ్చాయటగా?" ఆ ముక్క ఆయనకి చెప్పింది పిన్ని గారు. పిన్ని గారికి గొప్పగా చెప్పుకున్నది నేనే.

వచ్చిన మాట నిజమే. మా రోజుల్లో తెలుగు తీసుకుంటే మార్కులు రావని, సంస్కృతం కాకపోతే ఫ్రెంచి తీసుకోమని కాలేజీ వాళ్ళే చెప్పేవాళ్ళు. నేను రెండేళ్ళు ఫ్రెంచి చదివి, పరీక్ష హాల్లో ఉన్నదంతా కక్కేసి, నోరు కడుక్కుని బయటికి వచ్చాను. మార్కుల మెమో మాత్రం ఇప్పటికీ భద్రంగా ఉంది. ఆ మాట అప్పుడే చెప్పేసి ఉంటే సరిపోయేది. తొంభై ఎనిమిది మార్కులు నన్ను చెప్పనివ్వలేదు.

మొదట బాగానే నడిచింది. ఇంగ్లీషులా కనపడ్డ మాటలన్నీ చకచకా చెప్పేశాను. రెండో పేజీలో ఇంజను కింద "రిసిన్" అని ఒక మాట తగిలింది. ముందున్న మాట నూనె అని గుర్తుంది. ఏ నూనె? ఆముదం మొక్క శాస్త్రీయ నామం రిసినస్ అని కాలేజీ పాఠాల్లోంచి తళుక్కున వెలిగింది. "ఆముదం, బాబాయి గారూ! ఈ ఇంజనుకి ఆముదం పొయ్యాలి!" అని అరిచాను.

ఆయన ఆ నవ్వు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. మెట్లమీద కూలబడి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఏమేవ్, విమానం ఆముదం తాగేదట!" అని కిందకి కేకేశారు. పిన్ని గారు కిందనుంచే, "అయితే అది పైకి వెళ్ళి అంత త్వరగా ఎందుకు దిగొచ్చేదో ఇప్పుడర్థమైంది" అన్నారు.

ఆ ఆముదం నా కొంప ముంచింది. అది నిజమయ్యేసరికి నాకు నేను పండితురాల్లా కనపడ్డాను. తరవాతి వాక్యంలో రెక్కల గురించి ఒక మాట ఉంది. జిరాక్సులో మసగ్గా ఉంది. "ఎత్వాలే" అని చదివాను. ఎత్వాల్ అంటే నక్షత్రం. నేను బట్టీపట్టిన పాతిక మాటల్లో అదొకటి. "రెక్కల మీద నక్షత్రాలున్నాయి" అన్నాను.

ఆయన పోస్టుకార్డు తీసి చూశారు. "బొమ్మలో లేవే?"

"పాత ఫోటో కదండీ, పడుండవు."

"ఎన్ని మూలల నక్షత్రం?"

రాయలేదు అంటే అయిపోయేది. "ఐదు" అన్నాను.

"ఐదని ఎక్కడుంది?"

నేను కంటికి ఆనిన ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించాను. ఆయన వంగి, ఒక్క అక్షరం తెలియని ఆ వాక్యాన్ని చాలాసేపు గౌరవంగా చూశారు. "చదువుకున్నదానివి" అన్నారు. మర్నాడే టేకు చెక్క తెచ్చి ఐదు మూలల నక్షత్రం చెక్కడం మొదలుపెట్టారు. గుడ్డని కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేసి, పటికతో అచ్చు వేసి, మొక్కల వేళ్ళతో తీసిన రంగులో ఉడికించి, రెక్కల నిండా ఎర్రటి నక్షత్రాలు తెచ్చారు. విమానం షెడ్డులో నిలబడింది. పదకొండడుగుల రెక్కలు, ఒక్కో రెక్క మీద వరసగా నక్షత్రాలు. అందంగా ఉందని ఊరంతా అంది. నేనూ అన్నాను.

ఫ్రెంచావిడ రావడానికి వారం ముందు, కాలేజీ స్టాఫ్ రూములో ఊరికే కూర్చుని, ఫోనులో దాచుకున్న ఆ పేజీ ఫోటోని అదే ఫోనుతో అనువాదం చేయించాను. అది ఎత్వాలే కాదు, ఆంత్వాలే. ఒక్క అక్షరం తేడా. నక్షత్రాలున్న రెక్కలు కావు, గుడ్డ కప్పిన రెక్కలు. నేను వేలు పెట్టి చూపించిన వాక్యం పెట్రోలు ట్యాంకు గురించి.

మూడు రోజులూ షెడ్డు దాకా వెళ్ళి, తీగలు బిగిస్తున్న ఆయన్ని చూసి, టీ తాగి వచ్చేసేదాన్ని. ఆవిడ ముత్తాత కూర్చున్న విమానం. రాగానే మొదట చూసేది ఆ నక్షత్రాలనే. తేడా లేదని గర్వంగా నిలబడి ఉన్న ఈయన ముందు నవ్వుతుంది. లేదా నవ్వకుండా దాచుకుంటుంది, అది ఇంకా ఘోరం. నాలుగో రోజు ఇక ఉండలేక వెళ్ళి చెప్పేశాను.

ఆయన చేతిలో తీగ ఆగిపోయింది.

"ఐదు మూలలు?"

"అదీ నేనే అన్నానండీ."

"వేలు పెట్టి చూపించావు కదమ్మా?"

"అది పెట్రోలు ట్యాంకు, బాబాయి గారూ."

తిడతారనుకున్నాను. తిట్టలేదు. "చూడనిది చెప్పావు" అన్నారు, అంతే. నన్నెవరూ అంత మాట అనలేదు ఇప్పటిదాకా. కళ్ళంట నీళ్ళు కారిపోయాయి. ఆయన నా వంక చూడలేదు. "ఏమేవ్, కత్తెర తే. రెక్కలు విప్పాలి" అన్నారు.

అలాంటి గుడ్డ మళ్ళీ నేయించడానికి వ్యవధి లేదు, మగ్గం మీద వేరే చీర ఉంది. మిల్లు గుడ్డ ఆయన ముట్టరు. ఉన్న గుడ్డలోంచే నక్షత్రాలు పోగొట్టాలని నిర్ణయించారు. పిన్ని గారు కుట్లు విప్పుతూ, "మీ ఇద్దరి చదువూ నా సూది మీదకొచ్చింది" అని సణిగారు. రెక్కల గుడ్డ మోసుకుని ముగ్గురం కాలవకి వెళ్ళాం.

మొదట సబ్బుతో రుద్దాం. తరవాత కుంకుడుకాయ. తరవాత చాకలి సోడా పోసి ఉడికించి తెచ్చి మళ్ళీ రుద్దాం. నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, చేసిన పాపం పోవాలని రాయి మీద బాదుతున్నాను. బ్లీచింగ్ పౌడరు తెమ్మంటారా అన్నాను. "గుడ్డ చస్తుంది" అని కళ్ళెర్రజేశారు. ఎండ నడినెత్తికి వచ్చింది. గట్టున కూర్చున్న ఆయన అడిగారు.

"పోతోందా?"

"లేదండీ."

"వెలిసిందా?"

"లేదండీ."

"కొంచెం కూడా?"

"కొంచెం కూడా లేదు బాబాయి గారూ."

ఆ "కొంచెం కూడా" అనడంలో ఆయన గొంతు మారింది. తలెత్తి చూస్తే ఆయన మొహంలో దిగులు ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. లేచి, పంచె ఎగ్గట్టి, నీళ్ళలోకి దిగి, ఒక నక్షత్రాన్ని ఎండకి పట్టి చూశారు. సోడాకి గుడ్డ ఇంకా తెల్లబడి, నక్షత్రం మునుపటికంటే ఎర్రగా ఉంది. "ఏదీ, ఇంకోసారి రుద్దు" అన్నారు. రుద్దాను. "గట్టిగా!" రుద్దాను. పోలేదు. గట్టు మీద వెళ్తున్న ఒకతన్ని పిలిచి, "అయ్యా, ఇలా రా, నువ్వు కూడా ఒకసారి రుద్ది చూడు" అన్నారు. అతను సైకిలు స్టాండు వేసి వచ్చి రుద్దాడు. మరో ఇద్దరు ఆగారు. వాళ్ళూ రుద్దారు. సాయంత్రానికి ఆ దారిన వెళ్ళినవాళ్ళందరూ నా తప్పుని తలా ఒక చెయ్యి వేసి ఉతికారు. అది చెక్కుచెదరలేదు.

"మీరు పోవాలనుకుంటున్నారా, ఉండాలనుకుంటున్నారా? ఏదో ఒకటి తేల్చండి" అన్నారు పిన్ని గారు.

ఆయన తడి గుడ్డ భుజాన వేసుకుని, "రెండూ" అన్నారు. ఆ మనిషి రెండు మాటలు ఒకేసారి చెప్పడం ఆవిడ విన్నది అదే మొదటిసారట.

ఫ్రెంచావిడ వచ్చిన రోజున రెక్కలు మళ్ళీ ఎక్కాయి, నక్షత్రాలతోనే. ఈసారి గైడు లేడు, కారు డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. ఆవిడకి ఇంగ్లీషు కొంచెం వచ్చు, నాకూ వచ్చు కాబట్టి మధ్యన నన్ను నిలబెట్టారు. ఆవిడ విమానం చుట్టూ ఒక్కసారి తిరిగింది. తొట్టిలో ముందు సీటు మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. తరవాత రెక్క దగ్గర ఆగి, నక్షత్రం మీద వేలు పెట్టి, నా వైపు తిరిగి ఫ్రెంచిలో ఏదో అడిగింది. అందులో ఎత్వాల్ వినపడింది. ఈసారి నిజంగా ఎత్వాలే. నా మొహం చూసి అదే మళ్ళీ ఇంగ్లీషులో అడిగింది.

"ఏమంటోంది?"

"ఈ నక్షత్రాలెందుకని అడుగుతోందండీ."

"చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు. పెట్రోలు ట్యాంకుతో సహా."

చెప్పాను. వచ్చీరాని ఇంగ్లీషులో, ఒక్కటీ దాచకుండా. ఇంటర్ మార్కులు, మసక జిరాక్సు, ఐదు మూలలు, కాలవ, సోడా, సైకిలు అతను. ఆవిడ మొదట నవ్వింది. తరవాత ఆ నవ్వు ఆగి, కళ్ళు తుడుచుకుని, బాబాయి గారి రెండు చేతులూ పట్టుకుని, ఇంగ్లీషు మర్చిపోయి, ఫ్రెంచిలో గడగడా మాట్లాడటం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు మాట్లాడింది. మధ్యలో ఒకసారి ఆకాశం వైపు చూపించింది, ఒకసారి నక్షత్రాన్ని చూపించింది. బాబాయి గారు చేతులు ఆవిడకే వదిలేసి, మెడ మాత్రం నా వైపు తిప్పారు.

"ఏమందమ్మా?"

చెప్పడానికి నా దగ్గర ఎన్ని మాటలున్నాయో నాకు తెలుసు. వాళ్ళ ముత్తాత ఆకాశంలో ఇవే చుక్కలు చూసేవాడట అనొచ్చు. ఇంత అందమైన విమానం ఫ్రాన్సులో కూడా లేదట అనొచ్చు. ఆయన ఎంతో సంతోషించేవారు. పిన్ని గారైతే ఈపాటికి అన్నీ చెప్పేసి ఉండేవారు.

"నాకు అర్థం కాలేదు, బాబాయి గారూ" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. ఆవిడ చేతుల్లోంచి ఒక చెయ్యి విడిపించుకుని నా నెత్తిన పెట్టి, "మా అమ్మే" అన్నారు.

ఆవిడ ఆ రోజు ఏమందో నాకు ఇప్పటికీ తెలీదు.